సర్వర్ లాగ్ ఒక లెక్క చెబుతోంది, అనలిటిక్స్ మరో లెక్క చెబుతోంది: ఏది నమ్మాలి?

వ్యాకరణం_మాస్టారు | 2025 ఫిబ్రవరి 9, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక, పదో తరగతి పిల్లల కోసం సంధులు, సమాసాలు, ఛందస్సు పాఠాలతో ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాను. నాలుగు నెలల కిందట మా అబ్బాయి ఈ వర్డ్‌ప్రెస్ సైటును ఒక అద్దె సర్వరుకు మార్చి, ఎంజినెక్స్ అనే వెబ్ సర్వరు సాఫ్ట్‌వేరు పెట్టి, లాగులు (సర్వరు తనకు వచ్చిన ప్రతి అభ్యర్థననూ రాసుకునే చిట్టాలు) చదవడానికి ఏడబ్ల్యూస్టాట్స్ కూడా అమర్చి వెళ్ళాడు. జనవరి నెలకు ఏడబ్ల్యూస్టాట్స్ 38,400 సందర్శనలు చూపిస్తుంటే, అదే నెలకు గూగుల్ అనలిటిక్స్ 2,900 మందిని మాత్రమే చూపిస్తోంది. పది రెట్లకు మించిన తేడా ఎలా వస్తుందో నాకు అంతుపట్టడం లేదు.

గొప్ప కోసం అడగడం లేదు. మార్చిలో పరీక్షలు ఉన్నాయి, ఈలోగా ఏదో ఒక్క పాఠానికి మాత్రమే అభ్యాస ప్రశ్నలు తయారు చేయగలను. పిల్లలు నిజంగా ఎక్కువగా చదువుతున్నది ఏదో తెలిస్తే దానితోనే మొదలుపెడతాను.

లాగ్ ఫైలు తెరిచి చూస్తే మరికొన్ని వింతలు కనిపించాయి. పేజీల పేర్లు శాతం గుర్తులతో నిండిపోయి చదవడానికి వీలు లేకుండా ఉన్నాయి. రద్దీ ఎక్కువగా మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో కనిపిస్తోంది, అప్పుడు పిల్లలు బడిలో ఉంటారు కదా? పైగా నా పాఠకుల్లో చాలామంది ఆండ్రాయిడ్ 10 మీద "కె" అనే ఫోను వాడుతున్నారట. ఆ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు.

పెన్నాతీరం | ఫిబ్రవరి 9, ఉదయం 9:40

మాస్టారూ, ముందుగా లాగులోని ఒక్క లైను దేనికి గుర్తో తేల్చుకుందాం. ఎంజినెక్స్ సాధారణంగా రాసే లైనులో అడిగినవారి ఐపీ అడ్రసు (వారి ఇంటర్నెట్ కనెక్షనును గుర్తించే సంఖ్య), సమయం, అడిగిన ఫైలు, సర్వరు ఇచ్చిన జవాబు సంఖ్య, పంపిన బైట్లు, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే రెఫరర్, అడిగిన బ్రౌజరు తన గురించి చెప్పుకున్న పేరు ఉంటాయి. (ఆ రెఫరర్ అన్న మాటలో ఒక "ఆర్" జారిపోయిన అక్షరదోషం 1996 నాటి హెచ్‌టీటీపీ పత్రంలోకి అలాగే ఎక్కి, నేటికీ అలాగే చలామణీ అవుతోంది. దిద్దడానికి మీ ఎర్ర సిరా కూడా చాలదు.)

అంటే ప్రతి లైనూ ఒక అభ్యర్థన మాత్రమే, మనిషి కాదు. ఒక విద్యార్థి ఒక్క పాఠం తెరిస్తే ఆ పేజీకి ఒక లైను, దానికి కావలసిన స్టైల్ ఫైళ్ళకూ, స్క్రిప్టులకూ, బొమ్మలకూ, తెలుగు ఫాంటుకూ విడివిడిగా మరికొన్ని లైన్లు పడతాయి. ఒకే ఐపీ నుంచి వచ్చిన అభ్యర్థనల మధ్య గంటకు మించి విరామం లేకపోతే ఏడబ్ల్యూస్టాట్స్ వాటన్నిటినీ కలిపి ఒక సందర్శనగా లెక్కిస్తుంది. బాట్లను, అంటే మనుషులకు బదులు పేజీలు తెరిచే ప్రోగ్రాములను, పక్కన పెట్టడానికి మాత్రం అది తన దగ్గరున్న పేర్ల జాబితా మీదే ఆధారపడుతుంది. ఆ జాబితాకు ఎక్కని కొత్త బాటు వస్తే దానికి మనిషి మర్యాదలే దక్కుతాయి. మీ 38,400లో సింహభాగం అదే అయి ఉంటుందని నా అనుమానం.

పాఠకుల అభ్యర్థనలను మధ్యలో అందుకొని మీ సర్వరుకు చేరవేసే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ ఏదైనా మీ సైటు ముందు ఉందా? ఉంటే లాగులో పాఠకుల ఐపీలకు బదులు ఆ సేవ ఐపీలే కనిపిస్తాయి, అప్పుడు వేరే అమరిక అవసరం అవుతుంది.

వ్యాకరణం_మాస్టారు | ఫిబ్రవరి 9, ఉదయం 10:05

అలాంటిది ఏదీ లేదని మా అబ్బాయి ఫోనులో చెప్పాడు.

మిరపచేను | ఫిబ్రవరి 9, ఉదయం 10:31

అయితే గూగుల్ చెప్పినదే నిజమని, లాగు చెప్పినది అబద్ధమని తేలిపోయినట్టే కదా. ఇక ఈ లాగులతో కుస్తీ ఎందుకు?

ఓరుగల్లు | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 12:18

అంత తొందరగా తీర్పు ఇవ్వకండి. గూగుల్ అనలిటిక్స్ పని చేయాలంటే పాఠకుడి బ్రౌజరులో జావాస్క్రిప్టు నడవాలి, ఆ స్క్రిప్టు పూర్తిగా దిగాలి, దాన్ని ఎవరూ అడ్డుకోకూడదు. ఇలాంటి స్క్రిప్టులను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకున్నవారూ, బ్రేవ్ బ్రౌజరు వాడేవారూ ఆ లెక్కలోకి రారు. నెట్‌వర్కు సరిగా లేని ఊళ్ళో పాఠం అక్షరాలు కనిపించగానే చదువుకొని, స్క్రిప్టు దిగేలోపే పేజీ మూసేసిన పిల్లవాడూ రాడు. సర్వరు లాగు మాత్రం ఎవరినీ వదిలిపెట్టదు, ఎందుకంటే పాఠం ఇచ్చింది అదే.

అలాగని లాగు తక్కువగా లెక్కించే సందర్భాలు లేకపోలేదు. పాఠకుడు వెనక్కి బాణం నొక్కినప్పుడు బ్రౌజరు తన దగ్గర దాచుకున్న ప్రతినే చూపిస్తే సర్వరుకు ఆ సంగతే తెలియదు. "ఈ ఫైలు మారిందా?" అని బ్రౌజరు అడిగి, "మారలేదు" అన్న జవాబు అందుకుంటే, లాగులో 304 అనే సంఖ్యతో లైను పడుతుంది కానీ ఫైలు మళ్ళీ వెళ్ళదు. కాబట్టి ఈ రెండు లెక్కలూ ఎప్పటికీ సమానం కావు. బాట్లను తీసేశాక లాగు లెక్క అనలిటిక్స్ కంటే కొంచెం ఎక్కువగా మిగిలితే రెండూ ఆరోగ్యంగా ఉన్నట్టే.

చరిత్ర తెలిసినవారికి ఇందులో ఒక తమాషా కనిపిస్తుంది. 2005లో గూగుల్ కొనుక్కొన్న అర్చిన్ అనే సాఫ్ట్‌వేరు మొదట్లో సర్వరు లాగులను చదవడానికి పుట్టినదే. అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌గా బయటికి వచ్చి, జనం లాగులను మరిచిపోయేలా చేసింది.

చికాగోచలి | ఫిబ్రవరి 9, రాత్రి 8:50

రద్దీ వేళల గురించి మాస్టారు అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. లాగు లైనులో సమయం పక్కన ప్లస్ గుర్తుతో నాలుగు సున్నాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ సర్వరు యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తోందని అర్థం. భారత కాలమానం దానికంటే 5:30 గంటలు ముందుంటుంది కనుక, లాగులోని మధ్యాహ్నం 2:30 మీకు రాత్రి 8:00 అవుతుంది. పిల్లలు బడిలో కాదు, ఇంట్లో పుస్తకాల ముందు కూర్చున్నారు.

లాగులో అర్ధరాత్రి 12 గంటలంటే మీకు తెల్లవారుజాము 5:30 కనుక, రోజు మారే గడియ మీకు పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇంతకు ముందు నా సైటు అమెరికా పశ్చిమ తీర సమయం రాసే సర్వరులో ఉండేది. అక్కడ చలికాలంలో రోజు మారేసరికి భారతదేశంలో మధ్యాహ్నం 1:30 అవుతుంది, అందువల్ల ఇంటివైపు పాఠకుల ఒక్క ఆదివారం నా పట్టికలో రెండు రోజులుగా చీలిపోయేది. ఆ సంగతి గ్రహించకుండా శనివారాలే నాకు కలిసి వస్తున్నాయని చాలాకాలం భ్రమపడ్డాను.

మరో జాగ్రత్త కూడా అవసరం. యూటీసీ 2:30కు భారతదేశంలో ఉదయం 8:00, నేనుండే చికాగోలో ముందురోజు రాత్రి 8:30 అవుతుంది. ఆ వేళ రద్దీ కనిపిస్తే అది బడికి బయలుదేరే పిల్లలదో, ఇక్కడ రాత్రి భోజనం అయ్యాక పిల్లలకు తెలుగు నేర్పే తల్లిదండ్రులదో గడియారం ఒక్కటే చూసి చెప్పలేరు. ఐపీని బట్టి దేశం చెప్పే పట్టికను జతచేస్తే ఆ ముడి వీడుతుంది.

అక్షరశిల్పి | ఫిబ్రవరి 10, ఉదయం 6:25

శాతం గుర్తుల సంగతి నాకు వదిలేయండి, దానివల్ల నేను పడినన్ని పాట్లు ఎవరూ పడి ఉండరు.

వెబ్ చిరునామాలో తెలుగు అక్షరం నేరుగా ప్రయాణించదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన లిపిలోని ప్రతి సంకేతమూ మూడు బైట్లు తీసుకుంటుంది, చిరునామాలో ఒక్కో బైటుకు శాతం గుర్తూ, దాని వెంట రెండు అంకెలో అక్షరాలో వస్తాయి. అంటే ఒక్క సంకేతానికి తొమ్మిది స్థానాలు ఖర్చవుతాయి. "సంధి" అన్న చిన్న మాటలో స, సున్న, ధ, గుడి కలిపి నాలుగు సంకేతాలు ఉన్నాయి కాబట్టి లాగులో అది 36 స్థానాల చేంతాడు అవుతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని అన్‌కోట్ అనే ఫంక్షను గుండా లాగును పంపితే ఇదంతా మళ్ళీ తెలుగులోకి వచ్చేస్తుంది.

అసలు చిక్కు చదవలేకపోవడం కాదు, ఒకే పాఠం రెండు పేర్లతో లెక్కకు రావడం. వర్డ్‌ప్రెస్ తాను తయారుచేసే లింకులో ఆ సంకేతాలను ఆంగ్ల చిన్న అక్షరాలతో రాస్తుంది. ఎవరైనా తెలుగు అక్షరాలతోనే ఉన్న లింకును అతికిస్తే బ్రౌజరు వాటిని పెద్ద అక్షరాలతో మారుస్తుంది. కొన్ని బాట్లు మార్చకుండానే పంపితే ఎంజినెక్స్ వాటిని శాతం గుర్తుకు బదులు వెనక్కి వాలిన గీతతో రాసుకుంటుంది. మూడూ తెరిచేది ఒకే పాఠాన్ని, కానీ అక్షరాలను యథాతథంగా పోల్చి లెక్కపెడితే మూడు పాఠాలుగా కనిపిస్తాయి. మాస్టారి అవసరం ఏ పాఠం ముందుందో తెలుసుకోవడమే కనుక, లెక్కించడానికి ముందే అన్నిటినీ తెలుగులోకి మార్చి కలపకపోతే వరుసక్రమమే తప్పుతుంది.

ఇంకొక ఉచ్చు ఉంది. వర్డ్‌ప్రెస్ పేజీ పేరును 200 స్థానాల దగ్గర కత్తిరిస్తుంది, అంటే తెలుగులో దాదాపు 22 సంకేతాలే మిగులుతాయి. "గసడదవాదేశ సంధి సూత్రం ఉదాహరణలు" అని శీర్షిక పెడితే లింకులో "గసడదవాదేశ-సంధి-సూత్రం-ఉద" దగ్గరే ఆగిపోతుంది. అదే మొదలుతో రెండో పాఠం రాస్తే దాని చివర 2 అన్న అంకె చేరుతుంది తప్ప అది ఏ పాఠమో పేరును బట్టి తెలియదు. మాస్టారూ, మీ శీర్షికలు పొడవైనవి అయితే ముందు ఏ లింకు ఏ పాఠానిదో ఒక పట్టిక రాసుకోండి.

వ్యాకరణం_మాస్టారు | ఫిబ్రవరి 10, ఉదయం 7:03

మీరు ఊహించి రాశారో, నా సైటు చూసి రాశారో తెలియదు కానీ, సరిగ్గా ఆ శీర్షికతోనే నా పాఠం ఉంది. అది "ఉద" దగ్గర ఆగిపోయిన సంగతి ఇప్పటిదాకా నేను గమనించనే లేదు!

ఇక బాట్లను వేరు చేయడం ఎలాగో చెప్పండి. ఈ వారం సోమవారం నుంచి ఆదివారం దాకా లాగును తీసి నేనే లెక్కవేస్తాను.

పెన్నాతీరం | ఫిబ్రవరి 10, రాత్రి 9:15

పేరు చెప్పుకొని వచ్చే బాట్లు సులువు. గూగుల్‌బాట్, బింగ్‌బాట్, జీపీటీబాట్, క్లాడ్‌బాట్, సీసీబాట్, బైట్‌స్పైడర్, ఏహ్రెఫ్స్‌బాట్ లాంటివి బ్రౌజరు పేరు ఉండాల్సిన చోట తమ పేరే రాసుకుంటాయి. అయితే గూగుల్‌బాట్ అని రాసుకున్న ప్రతిదీ గూగుల్‌ది కాదు. ఆ ఐపీ ఏ డొమైనుదో వెనక్కి వెతికితే గూగుల్ డొమైను రావాలి, ఆ పేరును తిరిగి ముందుకు వెతికితే మళ్ళీ అదే ఐపీ రావాలి. ఒక వైపే చూస్తే మోసపోవచ్చు.

లాగిన్ పేజీ తలుపు తట్టేవీ, ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అనే వర్డ్‌ప్రెస్ ఫైలును అడిగేవీ, మీ సైటులో లేనే లేని ఫైళ్ళ కోసం వెతికేవీ దొంగచూపుల బాపతు. వాటిని చూసి బెంబేలెత్తవద్దు, బహిరంగంగా ఉన్న ప్రతి సర్వరుకూ ఇది నిత్యకృత్యం. లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది.

కష్టమంతా మామూలు క్రోమ్ పేరు తగిలించుకొని వచ్చే వాటితోనే. వాటికి నేను వాడే పరీక్ష ఒకటుంది. మీ సైటులో తెలుగు ఫాంటు మీ సర్వరు నుంచే దిగుతోందా? అలా అయితే మనిషి బ్రౌజరు మొదటిసారి పేజీ తెరిచినప్పుడు స్టైల్ ఫైలునూ ఫాంటునూ తప్పకుండా అడుగుతుంది, ఎందుకంటే అవి లేకుండా పాఠం అనుకున్నట్టుగా కనిపించదు. పాఠం మాత్రమే తీసుకొని వెళ్ళేదానికి అందచందాలతో పని లేదు. ఒక ఐపీ, బ్రౌజరు జంట వారం మొత్తంలో ఒక్కసారైనా స్టైల్ ఫైలు గానీ ఫాంటు గానీ అడగకపోతే దాన్ని మనిషిగా లెక్కించను. అయితే ముందు వారమే వచ్చిపోయిన పిల్లవాడి ఫోనులో ఫాంటు దాచి ఉండి, ఈ వారం మళ్ళీ అడగకపోవచ్చు. అలా కొందరు నిజమైన పాఠకులు జారిపోతారు. కాబట్టి ఈ పరీక్షలో మిగిలిన సంఖ్యను కనీస సంఖ్యగానే తీసుకోండి.

ఓరుగల్లు | ఫిబ్రవరి 10, రాత్రి 10:02

ఫాంటు పరీక్ష బాగుంది కానీ, కనిపించని బ్రౌజరును పూర్తిగా నడిపే బాట్లు ఫాంటును కూడా అడుగుతాయి. వాటికి అది చాలదు. ఏడబ్ల్యూస్టాట్స్‌తో పాటు గోయాక్సెస్ అనే లాగులు చదివే సాధనం కూడా పెట్టి చూడండి, అది టెర్మినల్‌లోనే చక్కగా పట్టికలు చూపిస్తుంది. ఐపీ, తేదీ, బ్రౌజరు పేరు మూడూ ఒకటే అయితే దాన్ని ఒక సందర్శకుడిగా లెక్కిస్తుంది.

మిరపచేను | ఫిబ్రవరి 11, ఉదయం 8:20

ఆ లెక్కతోనే నాకు పేచీ. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీవీ4 (పాత రకం ఐపీ) అడ్రసు వెనుక ఎంతోమంది ఉంటారు. పైగా 2023 నుంచి ఆండ్రాయిడ్‌లోని క్రోమ్ ఫోను మోడలును దాచిపెట్టి, ఏ ఫోనైనా "ఆండ్రాయిడ్ 10, కె" అనే చెబుతోంది. మాస్టారు అడిగిన కె కంపెనీ అదే! అంటే ఒకే ఐపీ వెనుక ఉన్న ఇద్దరు పిల్లలు ఒకే రోజు వస్తే వాళ్ళిద్దరూ ఒక్కరే అయిపోతారు. ఒకే పిల్లవాడు ఇంట్లో వైఫై మీద ఒకసారి, బయట డేటా మీద ఒకసారి చదివితే ఇద్దరవుతాడు. నా మాట వింటే మనుషులను లెక్కించడం మానేసి, పాఠం ఎన్నిసార్లు తెరుచుకుందో మాత్రమే లెక్కించండి.

ఓరుగల్లు | ఫిబ్రవరి 11, ఉదయం 8:47

మాస్టారి ప్రశ్నకు అదే సరైన కొలత, ఒప్పుకుంటున్నాను.

చికాగోచలి | ఫిబ్రవరి 11, రాత్రి 7:30

లాగును ఇక్కడ ఎవరికైనా పంపే ముందు ఐపీలను మరుగుపరచండి. ఐపీవీ4లో చివరి భాగాన్ని సున్నా చేసి, కొత్త రకమైన ఐపీవీ6లో మొదటి 48 బిట్లు మాత్రం ఉంచితే చాలు. చదువుతున్నవారు పిల్లలని మరిచిపోకూడదు. ఉబుంటు, డెబియన్ సర్వర్లలో ఎంజినెక్స్ లాగులు మామూలుగా 14 రోజులే ఉండి చెరిగిపోతాయి కనుక, వారం పూర్తికాగానే ప్రతి తీసుకోండి.

వ్యాకరణం_మాస్టారు | ఫిబ్రవరి 17, సాయంత్రం 6:40

లెక్క పూర్తయింది. ఫిబ్రవరి 10 నుంచి 16 దాకా లాగులో 96,200 లైన్లు ఉన్నాయి. స్టైల్, స్క్రిప్టు, బొమ్మలు, ఫాంటు కలిపి 31,500. లాగిన్ తలుపు తట్టినవీ, లేని ఫైళ్ళు అడిగినవీ 22,700. మిగిలిన 42,000 పేజీల్లో పేరు చెప్పుకున్న బాట్లవే 27,400. ఇక మిగిలిన 14,600లో ఫాంటు గానీ స్టైల్ గానీ ఎన్నడూ అడగనివారివి 11,200 పోతే, చివరికి చేతికి వచ్చింది 3,400. అదే వారానికి అనలిటిక్స్ 2,700 పేజీలు చూపిస్తోంది. ఓరుగల్లు గారు చెప్పినట్టు లాగే కొంచెం ఎక్కువగా మిగిలింది.

వరుసక్రమం మాత్రం తారుమారైంది. శాతం గుర్తుల రూపంలో లెక్కించినప్పుడు 241 సార్లతో ఉత్పలమాల పాఠం మొదటి స్థానంలో ఉండేది. తెలుగులోకి మార్చి కలిపాక, గసడదవాదేశ సంధి 163, 119గా రెండు ముక్కలై ఉన్నదని తేలింది. కలిపితే 282. నేను ఉత్పలమాలకు ప్రశ్నలు మొదలుపెట్టి నాలుగు పుటలు రాసేశాను కూడా.

ఒక సందేహం మిగిలింది. గురువారం ఉదయం యూటీసీ 5:30కు, అంటే మన 11 గంటలకు, ఒకే ఐపీ, ఒకే బ్రౌజరు పేరుతో అరగంటలో 74 పేజీలు తెరుచుకున్నాయి. ఇది ఓరుగల్లు గారు చెప్పిన తెలివైన బాటు అనుకొని తీసేయబోయాను. తీసేయాలా?

పెన్నాతీరం | ఫిబ్రవరి 17, రాత్రి 8:05

ఆగండి. ఆ అరగంటలో ఫాంటు ఫైలుకు 200 (ఫైలు పూర్తిగా పంపాను అన్న) జవాబుతో ఎన్ని లైన్లు ఉన్నాయో చూడండి. ఒకే బ్రౌజరు అయితే ఫాంటును ఒక్కసారి దించుకొని దాచుకుంటుంది. అలాగే ఒకే పాఠాన్ని వెంటవెంటనే చాలాసార్లు అడిగారేమో కూడా చూడండి. పేజీలు ఏరుకుపోయే బాటుకు ఒకే పాఠం అన్నిసార్లు అవసరం లేదు.

వ్యాకరణం_మాస్టారు | ఫిబ్రవరి 17, రాత్రి 8:32

ఫాంటు 18 సార్లు పూర్తిగా దిగింది. మొదటి రెండు నిమిషాల్లో ఒకే పాఠం 18 సార్లు తెరుచుకుంది.

మిరపచేను | ఫిబ్రవరి 17, రాత్రి 8:36

అది బాటు కాదు మాస్టారూ, బడిలో కంప్యూటర్ గది! పద్దెనిమిది కంప్యూటర్లు, ఒకే రకం బ్రౌజరు, ఒకే ఇంటర్నెట్ కనెక్షను. గోయాక్సెస్ లెక్కలో వాళ్ళంతా కలిపి ఒక్క సందర్శకుడు.

వ్యాకరణం_మాస్టారు | ఫిబ్రవరి 17, రాత్రి 8:51

తీసేయడం లేదు. ఆ తరగతి తెరిచిన పాఠం పేరు "ఉద" దగ్గర ఆగిపోయిన ఆ గసడదవాదేశ సంధే. ఉత్పలమాల పుటలు నాలుగూ పక్కన పెట్టి, రేపు ఉదయం దీనికే ప్రశ్నలు మొదలుపెడుతున్నాను.